కుట్టు లేని బొంత

మంగళవారం సాయంత్రాలు, చర్చి కింది గది.
ఆడవాళ్ళు పదకొండుమంది, మగవాణ్ణి నేనొక్కణ్ణే.
నలభై ఏళ్ళు పడవలకు రంగులేశానని
వెర్నా పార్డీ కబురు పెట్టింది:
"గీత తిన్నగా రావడం లేదు సెల్బీ, ఒకసారి రా."

బయట న్యూఫౌండ్‌లాండ్ పొగమంచు.
రేవు కనబడదు,
రేవులో గంట మాత్రం వినబడుతుంది.

బల్ల మీద కాన్వాసు గుడ్డ,
రెండేసి అడుగుల చదరాలుగా కత్తిరించింది.
తెల్లరంగు రెండు పూతలు. ఆరాక పెన్సిలూ స్కేలూ.
నాలుగు నాలుగుల పదహారు గళ్ళు,
ప్రతి గడికీ మూల నుంచి మూలకి ఒక అడ్డగీత,
అంతే, ముప్ఫైరెండు ముక్కోణాలు.
వాటిలోంచే నక్షత్రం లేస్తుంది,
గాలిమర తిరుగుతుంది, బాతుల బారు ఎగురుతుంది.
ఏ ముక్కోణం ఏ రంగుకి పక్కన పడాలో
తేల్చుకోవడంలోనే ఉంది విద్యంతా.

టేపు అంటించగానే ఎరుపు ముట్టుకోకండి, అన్నాను.
ముందు టేపు అంచు మీద మళ్ళీ తెలుపే పుయ్యండి.
సందుల్లోకి కారేదేదో తెలుపే కారుతుంది,
తెలుపు మీద తెలుపు ఎవరికి కనబడుతుంది?
సందులు పూడాక అప్పుడు ఎరుపు.
పడవ నడుం చుట్టూ పట్టీ ఇలాగే వేసేవాణ్ణి.

చెప్పేశాక గుర్తొచ్చింది,
ఈ కిటుకు ఎవరికీ చెప్పొద్దన్నాడు మా నాన్న.

ఆ చివర కుర్చీలో ఆల్‌ఫ్రెడా కీపింగ్
కోటు కూడా విప్పకుండా కూర్చుంది.
ఈ ఊళ్ళో సగంమంది ఆమె బొంతల్లో పుట్టారు,
కొందరు వాటి కిందే కన్నుమూశారు.
రెండేళ్ళుగా చేతులు వణుకు.
సూదిలోకి దారం పోదు,
పోయినా సూది అనుకున్న చోట దిగదు.
"కప్పుకోడానికి లేని బొంత ఏం బొంత?" అంది.
"గోడకి చలేస్తుందా?"

ఎవరూ నోరు మెదపలేదు.
నాకైతే ఆమె మాటే నిజమనిపించింది.
రంగు మాత్రం పడవని మునగకుండా ఆపుతుందా?
రంగు లేకపోతే చెక్క నానుతుంది. అది వేరే సంగతి.

ఎవరింట్లో అడుగంటిన డబ్బా వాళ్ళు తెచ్చుకున్నారు.
మూతలు తుప్పుపట్టి, పైన మీగడ కట్టి,
పుల్లతో కలిపితే గానీ అసలు రంగేదో తెలియదు.
లియోనా తెచ్చిన పసుపు, మూసేసిన బడి కిటికీలది.
నా ఆకుపచ్చ, నేను ఆఖరున రంగేసిన పడవది.
ఆ పడవ ఇప్పుడు లేదు.

టేపు లాగాలి, రంగు పూర్తిగా ఆరకముందే,
తొందర లేకుండా, వెనక్కి మడిచి.
చర్రుమని ఒక శబ్దం,
కత్తితో కోసినట్టు అంచు.

అప్పుడు లేచి వచ్చింది ఆల్‌ఫ్రెడా.
ముక్కోణం మీద వేలు పెట్టింది, ఇంకా తడిగానే ఉంది.
"ఇది హెడ్లీ చేపల షెడ్డు ఎరుపు కదూ?"
అవునంది వెర్నా.
"ఇది బడి."
అవును.
"నేనూ ఇంతే చేశాను. హెడ్లీ చొక్కా పక్కన
వాడితో మాట్లాడని వాళ్ళ అన్న చొక్కా.
ఒకే బొంతలో. పడి ఉన్నారు నోర్మూసుకుని."

వేలికంటిన ఎరుపు కోటుకే తుడుచుకుని పెన్సిలందుకుంది.
అంచు వెంబడి చిన్న చిన్న గీతలు,
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి,
ఒకటి పక్కకి జారింది, ఒకటి పడనేలేదు.
నా చేత్తో నేనూ వేసి చూశాను పక్క చదరంలో.
నావి వరస తప్పని గీతలు.
ఆమెవి కుట్లు.

ఇప్పుడా చదరాలు ఫెర్రీ కోసం కూర్చునే గదిలో ఉన్నాయి.
ఐదో దాన్లో ఒక ముక్కోణం తిరగబడింది.
నేనే తిప్పేశానంటుంది వెర్నా, కాదంటాను నేను.
నిన్న ఒక పిల్లాడు బెంచీ ఎక్కి
పెన్సిలు కుట్టుని గోటితో గీకి చూశాడు,
దారం ఊడి వస్తుందేమోనని.

"చలి తగ్గిందా?" అనడిగాను ఆల్‌ఫ్రెడాని.
"లేదు" అంది.
కోటు బొత్తాం పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.
నేను సాయం చెయ్యలేదు. ఒప్పుకోదు.